బియ్యం మిల్లులో లారీల నిరీక్షణ తగ్గించడానికి రెండు రోజుల హ్యాకథాన్ పనికొస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు

మూసీ ఆయకట్టు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడ పరిసరాల్లోని ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో కార్యాలయ వ్యవహారాలు చూస్తున్నాను. కొనుగోళ్లు ఊపందుకున్న రోజుల్లో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రాల నుంచి, సహకార సంఘాల నుంచి వచ్చే ధాన్యం లారీలు మా గేటు ముందు బారులు తీరుతాయి. సాయంత్రం వచ్చిన లారీ మరునాడు మధ్యాహ్నానికి గానీ ఖాళీ కాని సందర్భాలు చాలా ఉన్నాయి. లారీ తిరిగి వెళ్లకపోతే అక్కడ కేంద్రంలో కాంటా అయిన బస్తాలు కదలవు. వాటికి కాపలా ఉండవలసినది రైతే, మబ్బు పడితే బరకాలు కప్పవలసినదీ రైతే. మిల్లులో దిగుమతి పూర్తయి ట్రక్ షీట్ (లారీలో వచ్చిన ధాన్యం వివరాల కాగితం) లెక్క తేలితే తప్ప అతని డబ్బు సంగతి ముందుకు సాగదు. అందువల్ల దీనిని మా గేటు దగ్గరి చిన్న అసౌకర్యంగా నేను చూడలేకపోతున్నాను.

ఇంజనీరింగ్ చదివి వచ్చిన మా యజమాని కుమారుడు ఒక ప్రతిపాదన చేశారు. యాసంగి మొదలయ్యేలోపు రెండు రోజుల హ్యాకథాన్ (కొద్దిమంది ఒకచోట కూర్చొని, గడువులోపు ఒక సమస్యకు పరిష్కారం తయారు చేసే కార్యక్రమం) పెట్టి, నల్గొండ నుంచి విద్యార్థులను పిలిచి, మంచి యాప్ తయారు చేసిన జట్టుకు బహుమతి ఇద్దామని అంటున్నారు. ఆయన ఉత్సాహాన్ని నేను గౌరవిస్తాను. కానీ కంప్యూటర్ కంపెనీల్లో జరిగే పని హమాలీలు, కాంటా గుమాస్తా, లారీ డ్రైవర్లు ఉన్న చోట ఎలా కుదురుతుందో నాకు తెలియడం లేదు. వానాకాలం ధాన్యం ఇంకా కొద్దికొద్దిగా వస్తోంది కాబట్టి, ముందుగా చూసుకోవలసినది ఏదైనా ఉంటే చూసుకునే వ్యవధి మాకు ఉంది. ఇటువంటి ప్రయత్నం చేసినవారు తమ అనుభవం చెప్పండి.

పిల్లలమర్రి నీడ

హైదరాబాదులో పదేళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసి, ఇప్పుడు పాలమూరు నుంచే పని చేస్తున్నాను. హ్యాకథాన్‌లలో పాల్గొన్నాను, నిర్వహించాను కూడా. యాప్, బహుమతి అన్న రెండు మాటలను కొంతకాలం పక్కన పెట్టమని మీ యజమాని కుమారునికి చెప్పండి.

హ్యాకథాన్ అన్న మాట పుట్టిన సందర్భం తెలిస్తే నేను ఎందుకు ఇలా అంటున్నానో అర్థమవుతుంది. 1999 జూన్‌లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాసే పది మంది ఒకచోట చేరారు. రహస్య సంకేతాల సాఫ్ట్‌వేర్‌పై అప్పట్లో అమెరికాకు ఎగుమతి ఆంక్షలు ఉండేవి. ఆ చిక్కు తగలకుండా అమెరికా బయట కూర్చొని ఆ పని చేసుకోవాలన్నది వారి ఉద్దేశం. హ్యాకథాన్ అన్న పేరుతో జరిగిన తొలి సమావేశం అదేనని చెబుతారు. అక్కడ పోటీ లేదు, న్యాయనిర్ణేతలు లేరు. ప్రతిరోజూ ఆ పనిలోనే మునిగి ఉండేవారు, ఏది చేయాలో ముందే తెలిసినవారు, ఒకరి ముఖం ఒకరు చూస్తూ పని పూర్తి చేసుకున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థ కూడా తన ఉద్యోగులకు 24 గంటలు ఇచ్చి, ఏ సమస్య మీద పనిచేయాలో వారినే ఎంచుకోమంటుంది. మన దేశంలో 2017 నుంచి జరుగుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ వేరే తరహాది. అందులో కనీసం ఒక విద్యార్థినితో కలిపి ఆరుగురు విద్యార్థుల జట్టు, ఎవరో ఇచ్చిన సమస్యపై, సాఫ్ట్‌వేర్ విభాగంలో అయితే 36 గంటలు, పని చేస్తుంది. విద్యార్థుల శిక్షణకు అది మంచిదే. మీ గేటు దగ్గరి లారీకి మాత్రం మొదటి తరహా కావాలి.

ఇక లెక్క విషయం. వరుసల గురించి 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటి ఉంది. ఆవరణలో సగటున ఉండే లారీల సంఖ్య, గంటకు వచ్చే లారీలను ఒక్కో లారీ అక్కడ గడిపే గంటలతో గుణిస్తే వస్తుంది. గంటకు రెండు లారీలు వచ్చి, ఒక్కొక్కటి తొమ్మిది గంటలు ఉంటే, మీ దగ్గర సగటున పద్దెనిమిది లారీలు నిలిచి ఉంటాయి. ఆవరణ పెంచినంత మాత్రాన ఆ తొమ్మిది గంటలు తగ్గవు. కాబట్టి ఆ గంటలు ఎక్కడ పోతున్నాయో ముందుగా పట్టుకోండి. గేటు చేరిన సమయం, తేమ పరీక్ష సమయం, నిండు బరువు తూచిన సమయం, దిగుమతి మొదలైన సమయం, ముగిసిన సమయం, ఖాళీ బరువు తూచిన సమయం, ఈ ఆరింటిని ఒక చీటీ మీద రాయించండి. చీటీ డ్రైవరు చేతిలోనే ఉండాలి. కనీసం వారం రోజుల చీటీలు లేకుండా హ్యాకథాన్ పెడితే, ఎవరి గొంతు పెద్దదైతే వారి సమస్యే మీ సమస్య అవుతుంది.

గద్వాల అంచు

నేను నర్సుగా పనిచేస్తున్నాను. మా ఆసుపత్రిలో ఓపీ చీటీల వరుస తగ్గించడానికి రెండుసార్లు ఇటువంటి ప్రయత్నం జరిగింది. రెండింటినీ దగ్గర నుంచి చూశాను కనుక వివరంగా చెబుతాను.

మొదటిసారి బయటి నుంచి వచ్చిన విద్యార్థులు చాలా శ్రద్ధగా పనిచేశారు, రాత్రంతా మేలుకొని ఫోనులో టోకెన్ తీసుకునే యాప్ తయారు చేశారు. చప్పట్లు కొట్టాము, ఫోటోలు దిగాము. ఆ తరువాతి సోమవారం ఆ యాప్‌ను తెరిచినవారు లేరు. ఉదయం ఆరు గంటల బస్సుకు ఊరి నుంచి వచ్చే ముసలమ్మ చేతిలో అటువంటి ఫోను ఉండదు. ఉన్నా, దానిని మనవడు ఎక్కడికో తీసుకుపోయి ఉంటాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి, చీటీలు రాసే కౌంటరులోని ఇద్దరిలో ఒక్కరినీ ఆ రెండు రోజులు జట్టులో కూర్చోబెట్టలేదు. తమను తప్పుపట్టడానికే ఇదంతా పెట్టారని వారు బాధపడ్డారు. వారి బాధలో న్యాయం ఉందని నేను ఇప్పటికీ అంటాను.

రెండోసారి మా సూపరింటెండెంట్ పద్ధతి మార్చారు. కౌంటరు ఉద్యోగి, ఇద్దరు నర్సులు, ఫార్మసిస్టు, వార్డు ఆయా, ఒక వైద్యుడు కలిసి ఒకటిన్నర రోజు కూర్చున్నాము. మొదటి పూట మేము ఏమీ తయారు చేయలేదు. ఒక్కొక్కరం ఒక్కో రోగి వెంట గేటు నుంచి మందుల కిటికీ దాకా నడిచి, ఎక్కడ ఎంతసేపు నిలబడ్డామో రాసుకున్నాము. రక్తపోటు చూసే బల్ల వైద్యుని గది లోపల ఉన్నందువల్ల, లోపల ఒకరికి బీపీ చూస్తున్నంతసేపు వైద్యుడు ఊరికే ఉంటున్నారని అప్పుడు తెలిసింది. ఆ బల్లను బయటి వరండాలోకి మార్చాము. పాత రోగులకు, కొత్తవారికి వేరు రంగుల చీటీలు పెట్టాము. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆ మార్పు చెప్పినది వార్డు ఆయా. ఆమెను అంతకు ముందు ఎవరూ అడగలేదు.

మీ మిల్లులో ఆ ఆయా స్థానంలో ఎవరున్నారో ముందుగా ఆలోచించండి, మూసీ ఆయకట్టు గారు. బహుశా హమాలీల మేస్త్రీ అయి ఉంటారు.

పానగల్ గట్టు

నేను ప్రభుత్వ రంగ కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమణ పొంది, ఇప్పుడు నల్గొండలో ఉంటున్నాను. ఇక్కడ కొత్త పేరుతో చర్చిస్తున్న దానిలో సగం మా తరానికి పరిచయమైనదే. 1962లో జపాన్‌లో కౌరు ఇషికావా ప్రోత్సాహంతో క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి. మన దేశంలో వాటిని మొదట చేపట్టినది రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, 1980లో. ఆ తరువాత 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా వాటికి ఒక జాతీయ వేదిక కూడా ఏర్పడింది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు వారానికి ఒక గంట కూర్చొని, తమ పనిలోని లోపాన్ని తామే పరిశీలించి, కారణాన్ని చేప ముల్లు ఆకారంలో గీసుకొని, పరిష్కారం చూసి పై అధికారులకు చెప్పేవారు.

రెండు రోజుల తొందర మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఎందుకు అన్న ప్రశ్నను ఐదుసార్లు వేసుకుంటూ పోతే, నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు ఆ గదిలో ఉండరు, వెళ్లి చూసి రావలసి ఉంటుంది. దానికి వారాలు పడుతుంది. తొందరలో దొరికేది కారణం కాదు, దాని పై పొర మాత్రమే.

పిల్లలమర్రి నీడ

పానగల్ గట్టు గారు, మీ అభ్యంతరాన్ని పూర్తిగా అంగీకరిస్తున్నాను. అందుకే చీటీలు ముందు అన్నాను. అయితే సర్కిళ్లు చాలా చోట్ల ఎందుకు నీరసించాయో మీరే ఎక్కువ ఎరుగుదురు. వారానికి ఒక గంట చొప్పున నెలలు గడిచేసరికి, నిర్ణయం తీసుకోవలసిన అధికారి దగ్గర ఆ కాగితం మరుగున పడిపోయేది. కారణం వెతికే పని నెమ్మదిగానే జరగాలి, సర్కిల్ పద్ధతిలోనే. కారణం తెలిశాక, నమూనా కట్టి, పరీక్షించి, అవునో కాదో తేల్చే పనిని మాత్రం రెండు రోజుల్లోకి కుదించవచ్చు. ఆ రెండు రోజులూ యజమాని అక్కడే ఉండాలన్న షరతు పెట్టాలి.

పానగల్ గట్టు

ఆ షరతుతో అయితే నాకు అభ్యంతరం లేదు. నిజానికి మాకు కావలసి వచ్చినదీ అదే. మా సర్కిల్ సూచించిన ఒక చిన్న మార్పుకు, తలుపు గడియను మరొక వైపు పెట్టడమే అది, అనుమతి వచ్చేసరికి దానిని సూచించిన కార్మికుడు విరమణ పొందాడు.

డిండి వాగు

కార్మికుల పక్షాన నేను రెండు మాటలు చెప్పాలి, ఎవరూ తప్పుగా అనుకోవద్దు.

హమాలీలకు కూలి బస్తా లెక్కన వస్తుంది. రెండు రోజులు వారిని హ్యాకథాన్‌లో కూర్చోబెడితే ఆ రెండు రోజుల కూలి ఎవరు ఇస్తారు? నెల జీతం వచ్చేవారికి ఆ రోజులు ఒక మార్పుగా, విరామంగా ఉండవచ్చు, మేస్త్రీకి మాత్రం ఇంట్లో ఖర్చు ఆగదు. సీజనులో అతని సగటు సంపాదన ఎంతో చూసి, అంత మొత్తం ముందే చెప్పి ఇవ్వండి. రాత్రంతా మేలుకొనే పద్ధతిని కూడా పూర్తిగా వదలండి. బస్తాలు నింపే, ఊడ్చే పనుల్లో ఉన్న మహిళలు రాత్రి ఉండలేరు, వారు లేకుండా తీసుకున్న నిర్ణయం వారి మీదే పడుతుంది. వారానికి 48 గంటలు, అంతకు మించితే రెట్టింపు వేతనం అన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచి వస్తున్న నియమం. పోటీ అన్న పేరు పెట్టినంత మాత్రాన ఆ గంటలు పని గంటలు కాకుండా పోవు.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. దిగుమతి వేగం పెరిగితే ముఠాలో నలుగురిని తగ్గిస్తారేమో అన్న భయం ఉన్నంతకాలం మేస్త్రీ నోరు విప్పడు. ఈ ప్రయత్నం వల్ల ఎవరి పనీ పోదని యజమాని మొదటి రోజు ఉదయమే అందరి ముందు చెప్పాలి, ఆ మాట మీద నిలబడాలి. అది చెప్పలేనివారు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

కోయిల్‌సాగర్ గాలి

జడ్చర్ల వైపు ఒక మాత్రల తయారీ కర్మాగారంలో పనిచేస్తున్నాను. మా దగ్గర బ్యాచ్ రికార్డును (ఒక్కో విడత మాత్రల తయారీ వివరాలు రాసే పత్రాన్ని) తాకే ఏ మార్పునైనా రెండు రోజుల్లో అమలు చేయడానికి వీల్లేదు. మార్పు ప్రతిపాదన రాయాలి, నాణ్యతా విభాగం ఒప్పుకోవాలి, కొత్త పద్ధతి సరిగా పనిచేస్తోందని ఆధారాలతో నిరూపించాలి. అందుకే మేము ఏ విషయాలు ముట్టుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు అన్న జాబితాను గోడ మీద అంటించిన తరువాతే మొదలుపెట్టాము. షిఫ్టు మారేటప్పుడు ఒకరి నుంచి ఒకరికి చెప్పుకోవలసిన సంగతులు జారిపోవడం మేము ఎంచుకున్న సమస్య. అందులో మంచి ఫలితమే వచ్చింది.

మీకూ అటువంటి జాబితా అవసరం. లారీలను తూచే ధర్మకాంటా జోలికి పోవద్దు. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న యంత్రానికి ఎవరైనా విద్యార్థి ఉత్సాహంగా తీగ కలిపితే మీకు ఇబ్బంది వస్తుంది. కేంద్రంలో 17 శాతం తేమ వంటి ప్రభుత్వ నిబంధనలు, క్వింటాలు ధాన్యానికి 68 కిలోల బాయిల్డ్ బియ్యం అప్పగించాలన్న లెక్క మీ చేతిలో లేనివి. వాటి మీద చర్చ మొదలైతే రెండు రోజులూ అందులోనే గడిచిపోతాయి.

మూసీ ఆయకట్టు

మీ అందరి సలహాలకు కృతజ్ఞతలు. పన్నెండు రోజులు చీటీలు రాయించాను. ఫలితం చూసి నేనే ఆశ్చర్యపోయాను.

దిగుమతి ఆలస్యమే మా సమస్య అనీ, హమాలీలు చాలడం లేదనీ ఇన్నాళ్లూ అందరం అనుకున్నాము. ఒక చీటీలోని సమయాలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. గేటు రాత్రి 7.40. తేమ పరీక్ష 8.05. నిండు బరువు మరునాడు ఉదయం 10.30. దిగుమతి 10.50కి మొదలై 12.35కి ముగిసింది. ఖాళీ బరువు 12.50. హమాలీలు తీసుకున్నది రెండు గంటల లోపు, మిగిలిన రాత్రంతా లారీ కదలలేదు. మధ్యలో ఏమి జరిగిందని తవ్వి చూస్తే తరుగు వివాదం, అంటే నాణ్యత తక్కువని బరువులో కోత పెట్టడం మీద తగాదా, బయటపడింది. తేమ ఎక్కువ ఉందని, తాలు (గింజ లేని పొట్టు) ఉందని మా మనిషి అంటాడు. డ్రైవరుకు అవునని గానీ కాదని గానీ చెప్పే అధికారం లేదు. కేంద్రం బాధ్యురాలికి ఫోను చేస్తే ఆ వేళకు ఆమె ఇంటికి వెళ్లిపోయి ఉంటారు, ఉదయం మళ్లీ రైతుతో మాట్లాడాలి. ఆలస్యమైన చీటీల్లో ఎక్కువ భాగం ఇదే కథ.

అంటే లారీలు హమాలీల కోసం కాదు, ఒక మాట తేలడం కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ మాట తేల్చడంలో మా మిల్లు వైపు తప్పు కూడా ఉందని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. మా సమస్యను ఇప్పుడు ఇలా రాసుకున్నాము: నాణ్యతపై అభిప్రాయ భేదం వచ్చిన లారీ, ఆ భేదం తేలకముందే ఖాళీ అయి వెళ్లాలంటే ఏమి చేయాలి?

గద్వాల అంచు

ఈ ఒక్క వాక్యం కోసమే ఇన్ని రోజులు పట్టింది, అది వృథా కాలేదు. కేంద్రాలు నడిపే మహిళా సంఘాల వారిని కనీసం ఇద్దరిని పిలవండి. వారు లేకపోతే మీరు మీతోనే రాజీ పడినట్టు అవుతుంది.

కోయిల్‌సాగర్ గాలి

విద్యార్థులను పిలిస్తే నిజమైన ట్రక్ షీట్లు, రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు వారి చేతికి ఇవ్వవద్దు. వ్యక్తిగత సమాచారం విషయంలో 2023లో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా అది రైతు మన మీద ఉంచిన నమ్మకం. ఊహించి రాసిన పేర్లు, అంకెలతో నమూనా షీట్లు తయారు చేసి ఇవ్వండి.

మూసీ ఆయకట్టు

సంక్రాంతి తరువాత హ్యాకథాన్ జరిగింది. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

తొమ్మిది మంది కూర్చున్నాము: హమాలీల మేస్త్రీ, కాంటా గుమాస్తా, తేమ చూసే మనిషి, గోదాము బాధ్యుడు, ఒక లారీ డ్రైవరు, రెండు కేంద్రాల నుంచి ఇద్దరు మహిళలు, యజమాని కుమారుడు, నేను. యజమాని రెండు రోజులూ ఉన్నారు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర వరకే పని. మేస్త్రీకి, డ్రైవరుకు, కేంద్రాల నుంచి వచ్చిన ఇద్దరికి రోజు కూలి ఇచ్చాము. విద్యార్థులు ఇద్దరే వచ్చారు, సాయం చేసే స్థానంలో. బహుమతి పెట్టలేదు. ఎవరి పనీ పోదన్న మాట యజమాని మొదటే చెప్పారు. ఆ మాట తరువాత మేస్త్రీ కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చోవడం నేను గమనించాను.

మొదటి పూట చాలా ఇబ్బందిగా గడిచింది. తరుగు పేరుతో ఏమేమి జరుగుతోందో కేంద్రం నుంచి వచ్చిన ఒకామె మా యజమాని ముందే చెప్పారు, ఆయన ముఖం ఎర్రబడింది. నేను మధ్యలో కలగజేసుకోబోయి ఆగిపోయాను. కొంతసేపటికి ఆయనే, మీ దగ్గర పరీక్షించిన గింజలే మా దగ్గరా పరీక్షిస్తే మీరు ఒప్పుకుంటారా అని అడిగారు. అక్కడి నుంచి దారి దొరికింది. కేంద్రంలో లోడు ఎత్తేటప్పుడే డ్రైవరు ఎదుట రెండు సంచుల్లో గింజలు తీసి, ఇద్దరి సంతకాలతో కట్టి, ఒకటి కేంద్రంలో ఉంచి, ఒకటి లారీతో పంపాలని అనుకున్నాము. తేడా వస్తే ఆ రెండు సంచులను పక్కపక్కన పెట్టి మరునాడు తేల్చుకుంటారు. మరి బస్తాల సంగతి ఏమిటని అడిగితే మేస్త్రీ జవాబు చెప్పాడు. గోదాముకు తూర్పు వైపు చోటు వదిలి, సున్నంతో గీత గీసి, వివాదం ఉన్న లారీల బస్తాలను అక్కడ వేరువేరుగా పేరుస్తామని, మాట తేలాక లోపలికి మోసినప్పుడు ఆ రెండో మోతకు కూలి కట్టాలని అన్నాడు. యజమాని అప్పటికప్పుడే ఒప్పుకున్నారు. పిల్లలమర్రి నీడ గారు పెట్టిన షరతు విలువ నాకు ఆ క్షణంలో తెలిసింది.

రెండో రోజు ఒక అద్దె లారీలో బస్తాలు వేసి నిజంగానే నడిపి చూశాము. సంచి మూతికి కట్టిన దారం విప్పి మళ్లీ కట్టవచ్చని డ్రైవరు చూపించాడు, అందుకని లక్క ముద్రకు మారాము. లారీలు విడతలుగా రావడానికి ఫోను సందేశాలు పంపాలన్న విద్యార్థుల ఆలోచన మంచిదే కానీ, కేంద్రాలన్నీ ఒప్పుకుంటే తప్ప నడవదు, కాబట్టి దానిని పక్కన పెట్టాము. వచ్చిన రెండు కేంద్రాల లారీలతోనే యాసంగి మొదలుపెడతాము. ముప్పై రోజుల పాటు ఈ పద్ధతికి బాధ్యుడు కాంటా గుమాస్తా. అతని మిగతా పనిలో కొంత నేను తీసుకున్నాను.

డిండి వాగు

రెండో మోత కూలిని కాగితం మీద రాసుకున్నారా?

మూసీ ఆయకట్టు

రాసుకున్నాము. బస్తాకు ఎంతో రాసి, మేస్త్రీ, యజమాని సంతకాలు చేసి, ఒక ప్రతి ముఠా దగ్గర ఉంచాము.

పానగల్ గట్టు

చీటీలు రాయించడం మాత్రం ఆపవద్దు. యాసంగి మొదటి పదిహేను రోజుల చీటీలు ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా ఆ రెండు కేంద్రాల లారీలవి ఒకవైపు, మిగతావి మరొకవైపు ఉంచితే పోల్చి చూస్తాము. సమయం రాసే చేతి గడియారాలు అన్నింటినీ ఒకే సమయానికి సరిచేయించండి. మా రోజుల్లో ఆ ఒక్క తేడాతో నెల రోజుల లెక్కలు పాడయ్యాయి.

మూసీ ఆయకట్టు

గేటు దగ్గరి గోడ గడియారం పదకొండు నిమిషాలు వెనుక ఉంది. మీ మాట చదివి ఇప్పుడే వెళ్లి చూశాను, సరిచేశాను. చీటీలు ఏప్రిల్‌లో పెడతాను.